కదిలే సీట్లలో చివరి వరస

బస్సు ఎక్కితే నాకు వాంతి అవుతుంది. చిన్నప్పుడూ అయ్యేది, ఇప్పుడూ అవుతుంది. ఇందులో అంత దాచుకోవాల్సింది ఏముందో నాకు ఏనాడూ అర్థం కాలేదు గాని, మా ఇంట్లోవాళ్ళకు అదొక పరువుతక్కువ వ్యవహారం. అత్తిబెలె నుంచి బెంగళూరు మార్కెట్టుకు వెళ్ళే బస్సులో మా అమ్మ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేనెవరో తనకు తెలియనట్టు అటు తిరిగి కూర్చునేది. అలాంటి నేను కదిలే సీట్ల సినిమా హాలుకు పనిచేశానంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. జరిగింది జరిగినట్టు చెప్తాను.

తొంభైల మధ్యలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి బొమ్మసంద్రలో ఒక షెడ్డులో చేరాను. గాలి ఒత్తిడితో ముందుకూ వెనక్కూ కదిలే సిలిండర్లు అక్కడ తయారయ్యేవి. బిస్కెట్లు చేసేవాళ్ళు, సబ్బులు చేసేవాళ్ళు తమ మిషన్లకు వాటిని కొనుక్కుపోయేవారు. నన్ను స్టోర్సులో కూర్చోబెట్టారు. చదివింది ఒకటి, చేసేది నట్లూ వాషర్లూ అందించడం. పొద్దున మోపెడ్ మీద హోసూరు రోడ్డు లారీల మధ్య నుంచి దూరి వచ్చేదాన్ని, సాయంత్రం మళ్ళీ అలాగే దూరి వెళ్ళేదాన్ని. మోపెడ్ మీద నాకు ఎప్పుడూ కడుపు తిప్పలేదు. అదెందుకో అప్పట్లో ఆలోచించలేదు.

రెండువేల సంవత్సరం దాటాక మా ఓనరుకు ఒక వింత ఆర్డరు వచ్చింది. హొసకోటె దాటాక ఒకాయన పిల్లలూ పెద్దలూ ఆడుకునే పార్కు కడుతున్నాడు. అందులో చిన్న సినిమా హాలు ఒకటి పెట్టాలని ఆయన కోరిక. తెర మీద బొమ్మ ఎటు ఒరిగితే సీటు అటు ఒరగాలి. బొమ్మలో గాలి వీస్తే చూసేవాళ్ళ ముఖానికి గాలి కొట్టాలి, నీళ్ళు చిందితే నీళ్ళు చిందాలి. ఇలాంటివి విదేశాల్లో చూసొచ్చాడట. అక్కడి నుంచి సీట్లు తెప్పించుకోవడానికి సిద్ధంగా ఉండి, ఎవరో చెప్తే మా షెడ్డుకు వచ్చాడు. ఒక నమూనా హాలు కట్టి చూపించండి, నచ్చితే మీ సీట్లే తీసుకుంటాను అన్నాడు.

మా ఓనరు ఎగిరి గంతేశాడు. ఆయనది బెంగళూరు అవతల మాలూరు వైపు తెలుగు. "మనం చేసేది గాలి సిలిండర్లే కదప్పా. బిస్కెట్లను ఎత్తే సిలిండరు మనిషిని ఎత్తదా?" అన్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక సీనియర్ ఇంజినీరును పనిలో పెట్టుకున్నాడు. గాలిని వదిలి ఆపే వాల్వులకు కంప్యూటరు నుంచి సంకేతాలు పంపే బోర్డులు ఎవరు చేస్తారని వెతికితే స్టోర్సులో నేను కనిపించాను. అలా నట్లను వదిలించుకుని బయటపడ్డాను. ఆర్డరు వస్తే కొత్త సెక్షను పెట్టి బోర్డుల పనంతా నాకే ఇస్తానని ఓనరు మాటిచ్చాడు. రాకపోతే మళ్ళీ స్టోర్సే. ఆ మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాడు.

షెడ్డు వెనక గోడౌనులో నల్ల గుడ్డలు కట్టి హాలు తయారుచేశాం. నాలుగు వరసలు, వరసకు నాలుగు సీట్లు. ప్రతి వరస ఒక ఇనుప పలక మీద, పలక కింద మూడు సిలిండర్లు. ఒకటి లేస్తే ముందుకు ఒరుగుతుంది, ఇంకోటి లేస్తే పక్కకు, మూడూ లేస్తే పైకి. ముందు సీటు వీపులో నీళ్ళు చల్లే చిన్న రంధ్రం, చెవి పక్కన గాలి ఊదే గొట్టం. పాదాల దగ్గర సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి. గాలి వదలగానే అది అటూ ఇటూ కొట్టుకుని, ఎలుకేదో కాళ్ళ మీదుగా పరిగెత్తినట్టు ఉంటుంది. సినిమా చాలా చిన్నది, కంప్యూటరులో చేసింది. గనిలో బొగ్గు బండి ఒకటి అదుపు తప్పి పరిగెత్తి, చివరికి లోయలో పడి, నీళ్ళలో తేలుతుంది. గని వచ్చినప్పుడు తడిమట్టి వాసన రావాలని ఇంజినీరు గారు ఎక్కడి నుంచో మట్టి అత్తరు తెప్పించి ఫ్యాను ముందు పెట్టారు. అబ్బ, ఆ వాసన! షెడ్డంతా వాన పడినట్టుండేది.

మొదటిసారి నడిపిన రోజు మావాళ్ళంతా ఎగబడి ముందు వరసల్లో కూర్చున్నారు. సినిమాకు పోతే తెర ముందు కూర్చుని ఈలలు వేసే మనుషులు, ఇక్కడ మాత్రం వెనక్కి ఎందుకు పోతారు? నాకు చివరి వరసే మిగిలింది. బండి కదిలింది. ఈలలు, కేకలు. నాకు మాత్రం బండి మొదటి మలుపు తిరగగానే నోట్లో నీళ్ళూరాయి. లోయ వచ్చేసరికి బెల్టు పీకి బయటికి పరిగెత్తాను.

ఇక చూడండి నవ్వులు! ఫిట్టరు ఒకడు నీళ్ళ సీసా తెచ్చిచ్చి, వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. ఓనరు నవ్వలేదు గాని, "పాపా, నీకు బస్సే పడదంట కదా. సీట్ల జోలికి పోవద్దు, బోర్డు కాడ ఉండు సాలు" అన్నాడు. ఇంజినీరు గారు కూడా "కొందరి బాడీ టైప్ అంతే అండి, మోషన్ పడదు" అన్నారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. నా కడుపు సంగతి నాకు తెలియనిదా? ఆ రోజు నుంచి బయట బోర్డు దగ్గరే నిలబడ్డాను. లోపల మావాళ్ళు ముందు వరసలో కూర్చుని, రోజురోజుకూ కుదుపులు పెంచుకుంటూ పోయారు.

పార్కు ఆయన చూడ్డానికి వచ్చే రోజు మా షెడ్డులో పండగ. కొత్త మిషను నడిపేముందు పూజ చెయ్యకపోతే మావాళ్ళకు చేతులాడవు. గుమ్మడికాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు. ప్రతి సీటుకూ పసుపు రాసి కుంకుమ పెట్టారు. పూజారి ఉదారంగా, గుప్పెళ్ళతో పెట్టాడు. గాలి ఊదే గొట్టాల మీద కూడా పెట్టాడు. మాలో ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

పార్కు ఆయన తెల్ల చొక్కాలో వచ్చాడు. వెంట ఆయన భార్య, యాభై దాటిన మనిషి, పట్టుచీరలో. పెద్దమనుషులు కదా, వాళ్ళను ఎక్కడ కూర్చోబెడతారు? సినిమా హాలులో గొప్ప సీటంటే వెనక సీటే. బాల్కనీ టికెట్టుకే కదా డబ్బులెక్కువ! అందుకని ఓనరు చేతులు కట్టుకుని మరీ వాళ్ళను చివరి వరసకు తీసుకుపోయి నడిమధ్యన కూర్చోబెట్టాడు. మా ఫిట్టర్లు ముందు, అతిథులు వెనక. నాతో సహా అందరికీ అదే మర్యాద అనిపించింది.

బండి కదలగానే గాలి వీచింది. గాలితో పాటు కుంకుమ! వెంటనే గనిలో నీటి ధార, ముఖాల మీద నీళ్ళు. బోర్డు దగ్గర నుంచి నేను నల్ల గుడ్డ తొలగించి చూసేసరికి పార్కు ఆయన చొక్కా ఎర్రగా కారుతోంది. ఓనరు ముఖం పాలిపోయింది. కానీ పార్కు ఆయన పగలబడి నవ్వాడు. "ఏందప్పా ఇది, హోళీ ఆడిస్తా ఉండారా నాతో?" అని అరిచాడు. ఆ నవ్వుకు మాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుని లేవబోయింది. బెల్టు ఊడలేదు. బండి ఆపి ఆమెను బయటికి తీసుకువచ్చేసరికి ఆ పట్టుచీర మీద అంతా అయిపోయింది. పగిలిన గుమ్మడికాయ ముక్కల పక్కన కూలబడి, కళ్ళ నీళ్ళతో "నన్ను చంపేస్తారా ఏమప్పా మీరు" అంది.

ఆమె నడుం పట్టుకుని నీళ్ళు తాగించింది నేనే. నాకు తెలుసు అప్పుడు ఎలా ఉంటుందో. కడుపు బాధకన్నా చుట్టూ నిలబడి చూసేవాళ్ళ బాధ ఎక్కువ.

పార్కు ఆయన నవ్వు ఆరిపోయింది. "మా ఇంటామెకే ఇట్లయితే టికెట్టు కొనుక్కొని వచ్చే ఆడోళ్ళు, ముసిలోళ్ళు ఏం కావల్ల?" అని మా ఓనరును అడిగాడు. "ఇంకొక్కసారి వస్తా. ఈమెనే పిల్చుకొని వస్తా. ఈమె కడదాకా కూర్చుంటే ఆర్డరు మీది. లేదంటే నేను బయటి నుంచి తెప్పించుకుంటా, ఏమీ అనుకోవద్దు" అని భార్యను కారెక్కించాడు.

ఆ సాయంత్రం అందరం గోడౌనులో నిలబడ్డాం. ఓనరు కుదుపులన్నీ తగ్గించేయమన్నాడు. ఇంజినీరు గారు తలపట్టుకున్నారు. "తగ్గిస్తే ఇక ఏముందండి సార్, ఉయ్యాల అవుతుంది. మనలో ఎవ్వరికీ ప్రాబ్లం లేదు కదా. ఆవిడకి పడదు, అంతే." నాకు ఒళ్ళు మండింది. మండితే నా నోరు ఆగదు.

"నేను కూర్చుంటా సార్. ఒక్కో సీట్లో కూర్చుని చూస్తా" అన్నాను.

"మీకు ఎలాగూ వాంతి అవుతుంది కదమ్మా. దాని వల్ల ఏం తెలుస్తుంది?"

"జ్వరం చూడాలంటే థర్మామీటరు పెడతారా సార్, గరిటె పెడతారా? మీరంతా గరిటెలు. మీలో ఎవరికీ ఏమీ తెలియదు. నాకు తెలుస్తుంది."

ఫిట్టర్లు కిసుక్కున నవ్వారు. ఇంజినీరు గారు నన్ను చూసి, సీట్లను చూసి, "కూర్చోండి" అన్నారు. ఆయన మంచితనం అది. ఇంకొకరైతే నా నోటికి ఆ పూటే ఇంటికి పంపేవారు.

మర్నాడు పొద్దున మజ్జిగ మాత్రం తాగి మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చుని, పళ్ళు బిగించి కాచుకున్నాను. బండి మలుపులు తిరిగింది, లోయలో పడింది, తేలింది. నాకేమీ కాలేదు! నా కోసం కుదుపులు తగ్గించి నడిపారేమో అనుకుని, మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ ఏమీ కాలేదు. రెండో వరసలో తల కాస్త బరువెక్కింది. మూడో వరసలో చెమట పట్టింది. చివరి వరసలో మొదటి మలుపుకే బయటికి పరుగు. ఒక రోజు ఆగి, ఈసారి వెనక నుంచి ముందుకు వచ్చాను. మళ్ళీ అదే తీరు. బొమ్మ అందరికీ ఒకటే, కుదుపు అందరికీ ఒకటే. మరి చివరి వరసలో ఏముంది?

బొమ్మ ఆపి సీట్లు మాత్రం నడపమన్నాను. అందరం పక్కన నిలబడి చూశాం. ఒకేసారి లేవాల్సిన వరసలు అలా లేవలేదు. ముందు వరస లేచింది, దాని వెనకది లేచింది, ఆ వెనకది, అందరికన్నా ఆఖరున చివరిది. తేడా రెప్పపాటు కూడా ఉండదు. అయినా చూడాలని చూస్తే కనిపిస్తోంది. గాలి నింపే పెద్ద ట్యాంకు తెర పక్కన ఉంది, కరెంటు లైను అక్కడే ఉందని అక్కడే పెట్టాం. అక్కడి నుంచి గొట్టాలు వరస వరసకూ పోతున్నాయి. చివరి వరసకు పోయేవి అన్నిటికన్నా పొడుగు. వంగి గొట్టాన్ని తడిమి చూసిన కన్నడ ఫిట్టరు లేచి, "అక్కా, గాలి నడ్చుకుంటా పోతా ఉంది అక్కా, అర్జెంటే లేదు దానికి" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు నా జబ్బు. కన్ను లోయలో పడిపోయింది, ఒళ్ళింకా పైనే ఉంది. కన్ను చెప్పేది ఒకటి, ఒళ్ళు చెప్పేది ఒకటి, మధ్యలో కడుపు తిరగబడుతుంది. మోపెడ్ మీద నాకు ఏమీ కాకపోవడం కూడా అందుకే. మలుపు నేనే తిప్పుతాను కదా, ఒంటికి ముందే తెలుసు. ముందు వరసలో ఈలలు వేసినవాళ్ళకు గాలి వెంటనే అందింది. అతి గౌరవంగా బాల్కనీలో కూర్చోబెట్టిన ఆ తల్లికి అన్నీ ఆలస్యంగా అందాయి. మర్యాద చేసి మరీ వాంతి చేయించాం! నవ్వాలో ఏడవాలో తెలియక అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఆ తర్వాత పని ఎలా సాగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ప్రతి వరస కింద ఒక చిన్న ట్యాంకు పెట్టించాం, గాలి సీటు పక్కనే కాచుకుని ఉండేలా. గొట్టాలన్నీ ఒకే పొడుగుకు కోయించాం. సిలిండరు నిండడానికి పట్టే కాస్త సమయం వల్ల కూడా ఆలస్యం కాకుండా, బొమ్మకన్నా ఒక పిసరు ముందే వాల్వుకు సంకేతం అందేలా ఇంజినీరు గారు కంప్యూటరులో మార్చారు. నేను చివరి వరసలో కూర్చుని చెయ్యెత్తేదాన్ని. కడుపులో కదిలిన చోట చెయ్యి లేస్తుంది, ఆయన ఆపి ఆ చోట సర్దుతారు. మళ్ళీ మొదటి నుంచి. లెక్క ఆయనది, కడుపు నాది. వాంతి అయిన రోజున ఆయనే బిడియపడుతూ సోడా తెప్పించేవారు.

మెల్లగా మాకు ఇద్దరికీ మనిషి ఒళ్ళు ఎంత అమాయకమైనదో తెలిసింది. బండి వేగం అందుకుందని నమ్మించాలంటే సీటును ఊపక్కర్లేదు. తెలియకుండా నిదానంగా వెనక్కి వాలిస్తే వీపు మీద బరువు పడి, దూసుకుపోతున్నాం అనుకుంటుంది. తర్వాత దానికి తెలియకుండా మళ్ళీ నిలబెట్టాలి. లోయలోకి పడేయాలంటే ముందు కాస్త పైకి ఎత్తాలి, అంచు దగ్గర గాలి ఆపేయాలి, అంతా నిశ్శబ్దం అయిపోవాలి. అప్పుడు జానెడు దించితే చాలు, గుండె గొంతులోకి వస్తుంది. మావాళ్ళు పెంచుకుంటూ పోయిన కుదుపుల్లో సగం తీసేశాం. "థ్రిల్ తగ్గుతుందేమో అనుకున్నానండి, పెరిగింది" అన్నారు ఇంజినీరు గారు. ఆ మాట ఆయన చేత అనిపించుకోవడం ముందు నాకు ఏ మెడలూ ఎక్కువ కాదు.

పార్కు ఆయన మళ్ళీ వచ్చిన రోజు పూజ బయటే కానిచ్చాం. సీట్ల దగ్గరికి కుంకుమ భరిణె వస్తే చేతులు విరుస్తానని నేనే గుమ్మంలో నిలబడ్డాను. కారు ఆగింది. ఆయన భార్య దిగలేదు. వెళ్ళి అద్దం దగ్గర వంగాను.

"నాకొద్దు పాపా" అంది ఆమె. "వస్తా వస్తానే కార్లో ఒగసారి అయింది. ఆయనకు చెప్పు, ఆ పరదేశం సీట్లే తెప్పించుకోమను. నన్ను ఇడ్సిపెట్టండి."

"నాకూ అంతే అమ్మా. బస్సు పేరు చెప్తేనే తిప్పుతాది. నేను మీ పక్కనే కూర్చుంటా. మీకన్నా ముందు నాకే వస్తాది. నేను లేస్తే మీరూ లేవండి, ఎవ్వరూ ఒగ మాట అనరు."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకూ వస్తాదా, నిజంగా?"

"మొన్ననే వచ్చింది. కావాలంటే మా ఇంజినీరును అడగండి."

అందుకు నవ్వి దిగింది. లోపలికి పోగానే ఓనరు ఆమెను ముందు వరస వైపు తీసుకుపోబోయాడు. నేను అడ్డం వెళ్ళాను. "చివరి వరస సార్. పోయినసారి కూర్చున్న సీటే."

"నీకేమన్నా పిచ్చా పాపా?" అని గొంతు తగ్గించి కసిరాడు. "ముందు కూర్చోబెడితే అయిపోతాది కదా. ఎందుకు తెచ్చిపెట్టుకుంటావు?"

"రేపు పార్కులో వెనక సీటు టికెట్టు కొన్నవాళ్ళను కూడా తెచ్చి ముందు కూర్చోబెడతామా సార్?"

ఆయన ఇంజినీరు గారి వైపు చూశాడు. ఇంజినీరు గారు నా వైపు చూశారు. "వెనకే కూర్చోబెట్టండి సార్. ఈవిడ చెప్పినట్టే చెయ్యండి" అన్నారు. ఓనరు దేవుడి మీద భారం వేసి పక్కకు తప్పుకున్నాడు.

చివరి వరసలో, నడిమధ్యన, ఆమె పక్కన నేను. ఆమె బెల్టు నేనే బిగించి, ఎలా ఊడదీయాలో చూపించాను. బయట బోర్డు దగ్గర నుంచి ఇంజినీరు గారు దీపాలు ఆర్పారు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది. మట్టి వాసన వచ్చింది. "వాన పడతా ఉండాదా బయట?" అని గుసగుసగా అడిగింది. మొదటి మలుపు వచ్చింది. నేను తెర చూడ్డం లేదు, ఆమె ముఖం చూస్తున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. రెండో మలుపులో ఒక కన్ను తెరిచింది. కాళ్ళ దగ్గర గొట్టం కొట్టుకోగానే "అయ్యో ఎలక!" అని రెండు కాళ్ళూ పైకి లాక్కుంది, రెండు కళ్ళూ తెరిచింది. ఇక మూయలేదు. లోయ అంచున గాలి ఆగింది. హాలులో ఊపిరి చప్పుడు లేదు. తర్వాత బండి పడింది, మా ముఖాల మీద నీళ్ళు చిందాయి, ఆమె గొంతు చించుకుని అరిచింది.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు. పార్కు ఆయన, ఓనరు, బోర్డు వదిలి లోపలికి వచ్చిన ఇంజినీరు గారు, ముందు వరసల్లోని ఫిట్టర్లు, అందరూ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నారు. ఆమె చెంగుతో ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే కూర్చుంది, అక్కడ ఏమన్నా ఉందా అని అడుగుతున్నట్టు.

"బాగుండాది కదప్పా" అంది, ఎవరినో కోప్పడుతున్నట్టు. "ఇంగొగసారి ఎయ్యండి."

షెడ్డు దద్దరిల్లిపోయింది. ఫిట్టర్లు ఈలలు వేశారు. ఓనరు రెండు చేతులూ ఎత్తి పైకప్పుకు దణ్ణం పెట్టాడు. పార్కు ఆయన మా ఓనరు వీపు మీద చరిచి, "ఇంగేమప్పా, సీట్లు మీవే" అన్నాడు. ఇంజినీరు గారు నన్ను దిగమనకుండా, తనే మళ్ళీ బోర్డు వైపు నడుస్తూ "మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను" అన్నారు. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. సినిమా నీళ్ళు కావవి, నావే. తుడుచుకోలేదు. దీపాలు మళ్ళీ ఆరాయి, ఆమె మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది, బండి కదిలింది. ఈసారి నేను ఆమె ముఖం చూడలేదు. కళ్ళు రెండూ బాగా తెరుచుకుని తెర చూశాను, బండి లోయలో పడినప్పుడు ఆమెకన్నా నేనే గట్టిగా అరిచాను.